వాపు వెనుక రక్తం కథ

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో రేకు కోసుకుంటే చెయ్యి ఎర్రబడి వాస్తుంది. ఎందుకో, పి.జి.లో మేము చదువుకున్నది చెబుతాం.

రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు క్రిములకు అంటుకుని గుర్తు పెడతాయి. వాటిలోంచి తెగిన సి5ఎ అనే ముక్క తెల్లరక్తకణాలను గాయం దగ్గరకు పిలుస్తుంది. ఆ దాడి మన సొంత కణాల మీదికి రాకుండా ఫ్యాక్టర్ హెచ్ పగ్గం వేస్తుంది. పగ్గం తప్పితే వాపే జబ్బవుతుంది.

1930లో కనుగొన్న సి.ఆర్.పి. అనే ప్రోటీన్ వాపు మొదలైన కొద్ది గంటల్లోనే పెరుగుతుంది. అది పెరిగినంత మాత్రాన యాంటీబయాటిక్ మింగాలని కాదు. పటాన్‌చెరు శుద్ధికేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో పరిశోధకులు ప్రకటించారు. అలాంటిచోట మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి.

కాబట్టి తమ్ముళ్ళారా, వాపు రాగానే మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరకు వెళ్ళండి. ఇంట్లో అమ్మానాన్నలకూ చెప్పండి.