ప్రశ్న సరిగ్గా ఉంటేనే జకాత్ సరైన చేతికి



జకాత్ విషయంలో మూల పదాలు అరబీలో ఉన్నాయి. ఉలమాలు వాటిని ఉర్దూలో వివరిస్తారు. దరఖాస్తు తెలుగులో నింపుతాం. చాలా ఇళ్లలో మాట్లాడేది దక్కనీ. ఇన్ని భాషలు దాటి వచ్చేసరికి ప్రశ్న కాస్త మారినా జవాబు పూర్తిగా మారిపోతుంది. అర్హులైన వారి హక్కు ఇందులో ముడిపడి ఉంది కాబట్టి కొన్ని ఉదాహరణలు మీ ముందు ఉంచుతున్నాం.

మొదటిది 'దానం' అనే మాట. జకాత్‌ను తెలుగులో తరచుగా దానమనే రాస్తారు. దానం ఇష్టమైతే ఇచ్చేది, జకాత్ ఫర్జ్. నిసాబ్ ఉన్న వ్యక్తి, చాంద్రమాన సంవత్సరం గడిచాక, 2.5 శాతం చెల్లించాలి. మన ప్రాంతపు హనఫీ ఉలమాలు చెప్పే నిసాబ్ ఏడున్నర తులాల బంగారం (సుమారు 87.5 గ్రాములు) లేదా యాభై రెండున్నర తులాల వెండి (సుమారు 612 గ్రాములు). "ఈసారి ఎంత దానం చేద్దాం?" అనుకుంటే తోచినంత ఇస్తాం. "నా మీద జకాత్ ఎంత వచ్చింది?" అనుకుంటే కాగితం, కలం తీసుకుని లెక్క వేస్తాం.

రెండవది 'పేద' అనే మాట. దివ్యఖుర్ఆన్ తౌబా సూరా 60వ ఆయత్‌లో జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలు ఉన్నాయి. వాటిలో మొదటి రెండు ఫుఖరా, మసాకీన్. తెలుగులో రెండింటికీ 'పేదలు' అనేస్తాం. ఏమీ లేనివాడు మిస్కీన్ అనీ, కొంత ఉన్నా నిసాబ్‌కు చేరనివాడు ఫఖీర్ అనీ హనఫీలు అంటారు. షాఫయీలు దీనికి భిన్నంగా, ఫఖీరే ఎక్కువ లేమిలో ఉన్నవాడంటారు. ఇక తెలుగులో ఫకీరు అంటే బిచ్చమెత్తేవాడనే అర్థం స్థిరపడింది. అందుకే "మీరు పేదవారా?" అని అడిగితే, గౌరవంగా బతికే కుటుంబం "కాదండీ" అంటుంది. అడగడానికి మొహమాటపడేవారిని చూసి తెలియనివారు సంపన్నులనుకుంటారని బఖరా సూరా 273వ ఆయత్ తెలుపుతుంది. "ఈ నెల అద్దె కట్టారా? బియ్యం ఎన్ని రోజులకు వస్తాయి?" అని అడిగితే ఆ కుటుంబం పరిస్థితి తెలుస్తుంది, పరువూ నిలుస్తుంది.

మూడవది 'ఆస్తి'. "మీకు ఆస్తి ఉందా?" అంటే రెండు గదుల ఇల్లున్న వితంతువు, సొంత ఆటో నడుపుకునే తండ్రి "ఉంది" అనే అంటారు. అది నిజమే. కానీ ఉంటున్న ఇల్లు, వాడుకునే సామాను, పని ముట్లు షరీఅత్ ప్రకారం అవసరాల కిందికి వస్తాయి, నిసాబ్ లెక్కలోకి రావు. "ఇవన్నీ పోగా ఇంకేమైనా మిగిలి ఉందా? అప్పులెన్ని?" అన్నదే అడగవలసిన ప్రశ్న. మొదటి ప్రశ్నతో ఆగిపోతే అర్హులు వాకిట్లోంచే వెనుదిరుగుతారు.

నాలుగవది దాతలు అడిగేది. ముఫ్తీ సాహెబ్ అడిగినదానికే జవాబిస్తారు. "జకాత్ సొమ్ముతో బడి కట్టించవచ్చా?" అంటే హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం కుదరదంటారు, ఎందుకంటే సొమ్ము అర్హుడి సొంతం కావాలి, దీన్నే తమ్లీక్ అంటారు. "అర్హుడైన పేద విద్యార్థి చేతికి జకాత్ ఇస్తే, అతడు దానితో ఫీజు కట్టుకోవచ్చా?" అంటే కుదురుతుందంటారు. "చదువుకు జకాత్ ఇవ్వవచ్చా?" అని మాత్రమే అడిగితే ఈ రెండింటిలో దేనికి జవాబు వచ్చిందో తెలియదు.

కాబట్టి మసలా అడిగేటప్పుడు మూడు సంగతులు రాయండి: సొమ్ము జకాతా, సదఖానా, ఎవరి చేతికి వెళుతుంది, వారి దగ్గర ఏమున్నాయి. మీ వీధిలో ఎవరినైనా మాకు పరిచయం చేసేటప్పుడు "పేదవాళ్లు" అని ఊరుకోకుండా వారి అవసరం ఏమిటో చెప్పండి.

అల్లాహ్ మీ జకాత్‌ను స్వీకరించి, దాన్ని హక్కుదారులకు చేర్చే భాగ్యం మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.