అధ్యాపకుడికి అద్దం వీడియో పాఠం

గంటసేపు బోధించి తరగతి గది దాటిన అధ్యాపకుడికి తాను ఏం చెప్పిందీ గుర్తుంటుంది. ఎలా చెప్పిందీ, ఎవరికి చేరిందీ అంత స్పష్టంగా తెలియదు. ఈ లోటును తీర్చగలిగేది తన పాఠాన్ని తానే వీడియోలో చూసుకోవడం.

సూక్ష్మ బోధనతో మొదలు

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయంలో 1963లో డ్వైట్‌ అలెన్‌, ఆయన సహచరులు 'సూక్ష్మ బోధన' పద్ధతికి శ్రీకారం చుట్టారు. కొద్దిమందికి కొద్ది నిమిషాలు బోధించడం, లోపాలను సమీక్షించుకోవడం, సవరించి మళ్లీ బోధించడం దీని సారాంశం. సమీక్షకు వీడియో టేపు తోడయింది. మన బీఈడీ విద్యార్థులకు ఈ పద్ధతి పరిచితమే. డిగ్రీ, పీజీ అధ్యాపకుల నియామకానికి మాత్రం బీఈడీ అవసరం లేదు. నెట్‌, సెట్‌ లేదా పీహెచ్‌డీ అర్హతతో నేరుగా తరగతిలో అడుగుపెట్టేవారే ఎక్కువ. స్వీయ పరిశీలన అవసరం వారికే అధికం.

ఆ మూడు సెకన్లు

అమెరికా పరిశోధకురాలు మేరీ బడ్‌ రో 1970వ దశకంలో పాఠశాల సైన్సు తరగతుల ధ్వనిముద్రణలను పరిశీలించారు. ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సుమారు ఒక్క సెకనే ఆగుతున్నారని గుర్తించారు. కనీసం 3 సెకన్లు ఆగితే జవాబుల నిడివి పెరిగింది, మౌనంగా ఉండేవారు తగ్గారు. తెలుగు మాధ్యమంలో చదివి ఇంగ్లిషులో పాఠం వింటున్న విద్యార్థికి జవాబు తెలిసినా మాటలు కూర్చుకునేందుకు వ్యవధి కావాలి. అది ఇవ్వకుండా 'వీరికి ఏమీ రాదు' అని నిర్ణయిస్తే నష్టపోయేది ఆ విద్యార్థే.

చూసే విధానం

సెల్‌ఫోన్‌ను గది వెనుక స్టాండుపై అమర్చితే బోర్డు, అధ్యాపకుడు కనిపిస్తారు. విద్యార్థుల ముఖాలు పడవు. తొలిసారి చూసినప్పుడు దృష్టి సొంత గొంతు, రూపంపైకే పోతుంది. అందుకే రెండోసారి చూడాలి. వేసిన ప్రశ్నలెన్ని, ఆగిన సెకన్లెన్ని, బోర్డు వైపు తిరిగి మాట్లాడినది ఎంతసేపు, జవాబులు ఏ వరుసల నుంచి వచ్చాయి.. వీటిలో ఒక్క అంశాన్నే ఎంచుకుని కాగితంపై లెక్క రాసుకోవాలి. తరువాతి పాఠంలో ఆ ఒక్కటే మార్చుకుని మళ్లీ చిత్రీకరించి, రెండు లెక్కలను పోల్చుకోవాలి.

జాగ్రత్తలు తప్పనిసరి

చిత్రీకరణ సంగతి విద్యార్థులకు ముందే చెప్పి సమ్మతి పొందాలి. వీడియో అధ్యాపకుడి వద్దే ఉండాలి. నమ్మకమైన సహాధ్యాపకుడితో కలిసి చూస్తే మరింత ప్రయోజనం. సంజాయిషీలకు, పదోన్నతులకు దాన్ని సాక్ష్యంగా వాడితే కెమెరా ముందు మంచి పాఠం ప్రదర్శిస్తారే తప్ప, రోజువారీ పాఠంలోని లోపాన్ని చూసుకునేందుకు ఎవరూ ముందుకు రారు.