పట్నం సభలకు టిక్కెట్టు లేదు
బస్సుకు వేళ ఉంటే ఓ కచేరీ వినిరావచ్చు

ఆసుపత్రి పనిమీదో, ఆఫీసు పనిమీదో పల్లెవాసులు హైదరాబాదు వెళుతుంటారు. పని పెందరాళే తెమిలినా రాత్రి బస్సుదాకా బస్టాండు బల్లమీద కునికిపాట్లే గతి. ఆ మూడు గంటలూ వృథా పోనక్కరలేదు. నగరంలో దాదాపు ప్రతి సాయంత్రం ఎక్కడో ఒకచోట సాహిత్యసభో, సంగీత కచేరీయో, నాటకమో ఉంటుంది. చాలావాటికి ప్రవేశం ఉచితం.

'పెద్ద చదువుల వాళ్ల సభలు, మనల్ని రానిస్తారా?' అన్న సంకోచం పల్లెవాసులది. ఆహ్వాన పత్రికపై 'అందరూ ఆహ్వానితులే' అని ఉంటే ఆ అందరిలో రైతూ ఉన్నాడు, కూలీ ఉన్నాడు.

నిజానికి ఈ తలుపులు ఊరికే తెరుచుకోలేదు. నిజాం రాజ్యంలో 53వ నంబరు గస్తీ ప్రకారం సర్కారు అనుమతి లేనిదే సభ జరపరాదు. 1921 నవంబరులో వివేకవర్ధని థియేటర్‌లో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే, 1901లో, రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. సుల్తాన్‌బజారులోని ఆ గ్రంథాలయం నేటికీ ఉంది.

1943లో ఏర్పడిన సారస్వత పరిషత్తు బొగ్గులకుంటలో ఉంది. టాగూరు శతజయంతి సందర్భంగా కట్టిన రవీంద్రభారతి 1961లో ప్రారంభమైంది. పాట, హరికథ, నాటకం ఇష్టపడేవారికి చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ ఉంది. 2010లో బంజారాహిల్స్‌లో మొదలైన లామకాన్‌లో చర్చలు, డాక్యుమెంటరీ చిత్రాలు, ఉర్దూ కవిత్వం కూడా ఉంటాయి.

దారీ కష్టం కాదు. మహాత్మాగాంధీ బస్‌స్టేషన్ నుంచి మెట్రో రైలెక్కితే మొదటి స్టేషను సుల్తాన్‌బజారు, ఆ తర్వాత నారాయణగూడ, చిక్కడపల్లి. రవీంద్రభారతికి వేరే లైనులో వెళ్లి అసెంబ్లీ దగ్గర దిగాలి. ఏ రోజు ఎక్కడ ఏముందో దినపత్రికల నగర పేజీల్లో చూడవచ్చు. కొన్నింటికి టిక్కెట్టు ఉంటుంది గనుక గేటు దగ్గర అడిగి వెళ్లడం మేలు.

ఒక్క జాగ్రత్త. ఆరింటికన్న సభ ఏడింటికి మొదలుకావచ్చు. శాలువాలు, సన్మానాలు, వందన సమర్పణ పూర్తయ్యేసరికి ఊరి బస్సు కాస్తా వెళ్లిపోవచ్చు. కాబట్టి వెనుక వరుసలో, తలుపు దగ్గర కూర్చోండి. మధ్యలో లేచి వెళ్లినా ఎవరూ ఏమీ అనుకోరు. ఊళ్లో దిగాక చెప్పుకోవడానికి ఆసుపత్రి చీటీ గాక ఓ మంచి మాట కూడా వెంట వస్తుంది.