కారుకు పనికిరాని బ్యాటరీ ఇంటికి పనికొస్తుందా? పాత ఈవీ బ్యాటరీల అసలు లెక్క ఇదీ..

గాలివాన మొదలైందంటే కల్లూరు వైపు ముందు పోయేది కరెంటే. చెట్టుకొమ్మ తీగల మీద పడితే మళ్లీ లైన్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. సత్తుపల్లి దాటి భద్రాచలం అడవి వైపు ఉండే ఊళ్లకు ఈ ఎదురుచూపులు కొత్త కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కాసేపటికే కుయ్ కుయ్ అని మొదలుపెడుతుంది. మరోవైపు మన రోడ్ల మీద తిరుగుతున్న ఎలక్ట్రిక్ కార్లు మెల్లగా పాతబడుతున్నాయి. ఈ రెండింటికీ లింక్ ఏంటంటారా? ఆ కార్ల నుంచి దిగే బ్యాటరీలే.

ముందు ఒక విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. కారు బ్యాటరీ అయిపోయింది అంటే పూర్తిగా చచ్చిపోయిందని కాదు. కెపాసిటీ 70 నుంచి 80 శాతానికి పడిపోతే కారుకు అది సరిపోదు. ఫుల్ ఛార్జ్‌తో 200 కిలోమీటర్లు వెళ్లే బండి 150 దగ్గరే ఆగిపోతే ఓనర్‌కు టెన్షన్. కల్లూరు నుంచి ఖమ్మం వెళ్లి రావడానికే దాదాపు వంద కిలోమీటర్లు కదా. పైగా కారు యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ బ్యాటరీ ఒక్కసారిగా బోలెడు పవర్ ఇవ్వాలి. ఇంట్లో ఆ గొడవ లేదు. ఒకచోట కూర్చుని నెమ్మదిగా కరెంటు ఇస్తే చాలు.

లెక్క చూస్తే ఆశ్చర్యమే

2020 జనవరిలో వచ్చిన టాటా నెక్సాన్ ఈవీనే తీసుకోండి. దాని బ్యాటరీ 30.2 కిలోవాట్ అవర్లు.. మన కరెంటు బిల్లు భాషలో 30.2 యూనిట్లు. అది 80 శాతానికి పడిపోయినా ఇంకా 24 యూనిట్లు పడుతుంది. మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో ఎంత పడుతుందో తెలుసా? పేపర్ మీద 1.8 యూనిట్లు. అంటే అలాంటివి 13 పక్కపక్కన పెడితే ఒక పాత కారు బ్యాటరీకి సమానం!

మూడు ఫ్యాన్లు, ఐదు ఎల్ఈడీ బల్బులు, ఒక టీవీ కలిపి 350 వాట్లు అనుకుందాం. మధ్యలో పోయే నష్టాలు తీసేసినా 60 గంటల దాకా లాగొచ్చు. రెండున్నర రోజులన్నమాట. 5 హెచ్‌పీ మోటార్‌కైతే మాత్రం ఆరు గంటలు కూడా కష్టమే. బోరు మీద ఆశలు పెట్టుకోకండి.

ఇది ఊహ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో బీ2యూ అనే కంపెనీ 1,300 పాత కార్ల బ్యాటరీలను ఒకచోట పెట్టి, పగలు సోలార్‌తో నింపి సాయంత్రం గ్రిడ్‌కు అమ్ముతోంది. అడవి అంచు ఊళ్లకు దగ్గరగా ఉండే ఉదాహరణ మాత్రం చైనాది. అక్కడి సెల్ టవర్ల సంస్థ చైనా టవర్ 2018లో కొత్త సీసం బ్యాటరీలు కొనడం ఆపేసి, వాటి బదులు వాహనాల నుంచి దిగిన బ్యాటరీలు పెట్టడం మొదలుపెట్టింది. కరెంటు పోగానే సిగ్నల్ కూడా పోయే ఊళ్లవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. మన దగ్గర బెంగళూరు, బెర్లిన్‌లలో పనిచేసే నునమ్ అనే స్టార్టప్ ఉంది. ఆడి ఈ-ట్రాన్ టెస్ట్ కార్ల బ్యాటరీలతో మూడు ఈ-రిక్షాలు తయారుచేస్తున్నట్టు 2022లో ప్రకటించింది.

మరి మన ఇంటికి ఎందుకు రాలేదు?

మొదటి కారణం నమ్మకం. ఒక బ్యాటరీ ప్యాక్‌లో సెల్స్ అన్నీ ఒకేలా పాతబడవు. ఎండలో తిరిగిన బండి, ఎప్పుడూ ఫాస్ట్ ఛార్జింగే పెట్టిన బండి, పెద్దాయన వారానికోసారి తీసిన బండి.. మూడింటి బ్యాటరీలూ మూడు రకాలు. ఒక్కోదాన్ని టెస్ట్ చేసి, గ్రేడ్ ఇచ్చి, ఒకే ఆరోగ్యం ఉన్నవి కలపాలి. బలహీనమైన సెల్ ఒక్కటి ఉన్నా మిగతావాటినీ కిందికి లాగేస్తుంది. ఈ టెస్టింగ్‌కే టైమూ డబ్బూ పోతుంది. బ్యాటరీ లోపలి డేటా కంపెనీ సిస్టంలో ఉండిపోవడం ఇంకో తలనొప్పి. యూరప్ అయితే 2027 ఫిబ్రవరి నుంచి ఈవీ బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్ట్ తప్పనిసరి చేసింది.

రెండోది ధర. బ్లూమ్‌బెర్గ్‌ఎన్‌ఈఎఫ్ సర్వే ప్రకారం 2024లో కొత్త లిథియం ప్యాక్ సగటు ధర యూనిట్‌కు 115 డాలర్లకు దిగింది. రూపాయల్లో పదివేలకు కాస్త తక్కువే. కొత్తదే ఇంత చవకైతే పాతదాన్ని టెస్ట్ చేసి, మళ్లీ బిగించి, గ్యారంటీ ఇచ్చి అమ్మేవాళ్లకు ఏం మిగులుతుంది? నిజం చెప్పాలంటే ఈ కథలో పెద్ద విలన్ ఇదే.

మూడోది భద్రత. దీన్ని లైట్ తీసుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్, విజయవాడల్లో ఇంట్లో ఎలక్ట్రిక్ స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. కారు ప్యాక్ వాటికంటే చాలా పెద్దది. లోపల 300 వోల్టులకు పైగా డీసీ కరెంటు ఉంటుంది. కారులో దాన్ని చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది. 45 డిగ్రీల ఎండలో రేకుల షెడ్డులో పెడితే ఆ పని ఎవరు చేస్తారు? కాబట్టి తెలిసిన మెకానిక్ ఉన్నాడు కదా అని విప్పించి ఇన్వర్టర్‌కు కలిపించే ఆలోచన ఉంటే ఇక్కడే మానేయండి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కేంద్రం 2022 ఆగస్టులో బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు తెచ్చింది. వాడేసిన ఈవీ బ్యాటరీలను వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారుదే. వాటిని బాగుచేసి మళ్లీ వాడటానికి కూడా ఈ నియమాల్లో చోటుంది. ఇక రెండో జీవితం కూడా అయిపోయాక మిగిలేది రీసైక్లింగే. హైదరాబాద్ చర్లపల్లిలోని సీ-మెట్ కేంద్రం పాత లిథియం బ్యాటరీల నుంచి లిథియం, కోబాల్ట్, నికెల్, మాంగనీస్ వెనక్కి తీసే విధానం తయారుచేసింది. 2023లో దాన్ని కంపెనీలకు ఇచ్చారు కూడా.

ఇన్వర్టర్ బ్యాటరీ పాతది ఇస్తే షాపువాడు కొత్తదాని రేటు తగ్గిస్తాడు. సీసానికి ఊరూరా మార్కెట్ ఉంది కాబట్టే అది సాధ్యం. లిథియానికి ఆ అలవాటు ఇంకా రాలేదు.

తొలి నెక్సాన్ ఈవీలకు బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1.6 లక్షల కిలోమీటర్లు. అంటే మొదట అమ్ముడైన బండ్లకు 2028లో గడువు తీరుతుంది. మీరు సెకండ్ హ్యాండ్ ఈవీ చూస్తుంటే టైర్లు, పెయింట్ కంటే ముందు సర్వీస్ సెంటర్ నుంచి బ్యాటరీ హెల్త్ రిపోర్ట్ అడగండి. మిగిలిన వారంటీ కొత్త ఓనర్‌కు వర్తిస్తుందో లేదో కూడా కాగితం మీదే తీసుకోండి.