తట్టే పద్ధతి (నొప్పి ఉపశమనం)

తట్టే పద్ధతి అనగా చిన్న దెబ్బలు, బెణుకులు, సూదిపోటు మొదలైన వాటివల్ల కలిగే నొప్పిని తగ్గించుకొనుటకు వ్రేళ్ళ కొనలతో శరీరంపై లయబద్ధంగా తట్టే ప్రక్రియ. ఇందులో ముఖ్యంగా రెండు రకాలు ఉన్నాయి. మొదటిది నొప్పి కలిగే చోటనే రుద్దడం లేదా తట్టడం. రెండవది ముఖం, ఛాతీ, చేతులపై నిర్ణీత స్థానాలలో తట్టడం. ఈ పద్ధతులు బాధను కొంత తగ్గించగలవు గాని గాయాన్ని మాన్పలేవు.

చరిత్ర

దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకోవడం మానవునికి సహజంగా అలవడిన చర్య. తెలుగునాట పసిపిల్లలు పడినప్పుడు పెద్దలు ఆ చోట రుద్ది, నోటితో ఊది, పడవేసిన నేలను కొట్టి మాటల్లో పెట్టడం నేటికీ కనిపిస్తుంది.

నిర్ణీత స్థానాలలో తట్టే పద్ధతికి అమెరికాకు చెందిన మనస్తత్వవేత్త రోజర్ కాలహన్ 1980లలో రూపకల్పన చేశాడు. అతని వద్ద నేర్చుకున్న గ్యారీ క్రెయిగ్ 1990లలో దానిని సులభతరం చేసి 'ఎమోషనల్ ఫ్రీడమ్ టెక్నిక్' అని పేరుపెట్టాడు. దీనినే క్లుప్తంగా ఇ.ఎఫ్.టి. అంటారు.

ఇ.ఎఫ్.టి. చేసే విధానం

ముందుగా నొప్పి తీవ్రతకు 0 నుండి 10 వరకు ఒక అంకె ఇచ్చుకుంటారు. నొప్పి ఉన్నప్పటికీ తనను తాను అంగీకరిస్తున్నానని చెప్పుకుంటూ అరచేతి అంచుపై తడతారు. తరువాత కనుబొమ్మ మొదలు, కంటి ప్రక్క, కంటి క్రింద, ముక్కు క్రింద, గడ్డం, మెడ ఎముక, చంక క్రింద, నడినెత్తి అనే స్థానాలలో ఒక్కొక్క చోట సుమారు ఏడుసార్లు తడతారు. చివరకు నొప్పికి మరల అంకె ఇచ్చి పోల్చుకుంటారు.

శాస్త్రీయ వివరణ

రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రజ్ఞులు 1965లో 'ద్వార నియంత్రణ సిద్ధాంతం' ప్రతిపాదించారు. స్పర్శను తెలిపే లావు నాడీతంతువులు సంకేతాలను వేగంగా మోస్తాయి. నొప్పిని తెలిపే సన్నని తంతువులు నెమ్మదిగా మోస్తాయి. రెండూ వెన్నుపాములో కలిసే చోట స్పర్శ సంకేతాలు అధికమైతే నొప్పి సంకేతాలు మెదడుకు చేరడం తగ్గుతుంది. ఇంజక్షన్ ఇచ్చే ముందు కండరాన్ని తట్టి వదులు చేసే 'హెల్ఫర్ పద్ధతి' ఉపయోగాన్ని కూడా ఈ సిద్ధాంతంతో వివరిస్తారు. దీనిని నర్సింగ్ విద్యార్థులు అభ్యసిస్తారు.

ఇ.ఎఫ్.టి. సమర్థకులు తట్టడం వల్ల చైనా వైద్యంలో చెప్పిన శక్తి మార్గాలు సరిపడతాయని అంటారు. అట్టి మార్గాలు ఉన్నట్లు శరీరశాస్త్రంలో ఆధారం లేదు. 2003లో కెనడాలో 119 మంది విద్యార్థుల భయాలపై జరిగిన పరిశోధనలో నిర్ణీత స్థానాలలో తట్టినవారికీ, చేతిపై వేరే చోట్ల తట్టినవారికీ, బొమ్మపై తట్టినవారికీ ఇంచుమించు సమానంగా భయం తగ్గింది. దీనిని బట్టి ఫలితానికి కారణం ఆ స్థానాల మహిమ కాదని, దృష్టి మరలడం, మనసు కుదుటపడడం వంటివి కావచ్చునని భావిస్తారు. భయం తగ్గినప్పుడు నొప్పి కూడా తక్కువగా తోస్తుంది.

జాగ్రత్తలు

నొప్పి ఒక హెచ్చరిక. అది తగ్గినంత మాత్రాన గాయం తగ్గినట్లు కాదు. నంద్యాల జిల్లాలోని సంజామల వంటి వ్యవసాయ మండలాలలో ఎక్స్‌రే తీయించుకొనుటకు పట్టణానికి వెళ్ళడమంటే ఒకరోజు కూలి పోగొట్టుకోవడమే. అందువలన నొప్పి కాస్త తగ్గగానే చాలామంది తిరిగి పనిలో దిగుతారు. లోపల ఎముక చిట్లి ఉంటే దానివల్ల శాశ్వతమైన అవిటితనం కలుగవచ్చు. కనుక క్రింది విషయాలు గమనించాలి.

* వాచిన చోట, తెగిన చోట, కాలిన చోట తట్టరాదు, రుద్దరాదు.
* కాలు మడతపడిన తరువాత నాలుగు అడుగులైనా వేయలేకపోతే, అవయవం వంకర తిరిగినా, స్పర్శ తెలియకపోయినా ఎముక విరిగిందేమో చూపించుకోవాలి.
* బెణుకుకు మొదటి రెండు రోజులు విశ్రాంతి, చల్లని కాపడం, కట్టు, అవయవాన్ని ఎత్తుగా ఉంచడం మేలు. బెణికిన చోట గట్టిగా నీవితే వాపు పెరుగుతుంది.
* ముల్లు, మేకు, కొడవలి వంటి వాటితో గాయమైతే సబ్బునీటితో కడిగి, ధనుర్వాతం టీకా కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి.
* తలకు దెబ్బ తగిలి వాంతులు, మగత కలిగినా, రక్తస్రావం ఆగకపోయినా తట్టడంతో కాలయాపన చేయక 108కు ఫోన్ చేయాలి.

వైద్యుని వద్దకు వెళ్ళే దారిలో బాధితుని మనసు కుదుటపరచుటకు ఇ.ఎఫ్.టి.లో వలె గాయానికి దూరంగా మెల్లగా తట్టడం వల్ల హాని లేదు.