తక్కువ డబ్బుతో మొదటి లోహశోధిని

2009 జూలైలో టెరీ హెర్బర్ట్ అనే ఆయన ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో, దున్నిన ఒక పొలంలో లోహశోధినితో వెతుకుతున్నాడు. దీన్నే మనవాళ్లు మెటల్ డిటెక్టర్ అంటారు. ఆయన చేతిలో ఉన్నది పద్నాలుగేళ్ల పాతది. వాడేసిన వస్తువులు అమ్మే సంతలో రెండున్నర పౌన్లకు కొన్నాడని అప్పటి పత్రికలు రాశాయి. ఐదు రోజులలో ఆయన తీసిన ముక్కలు 244 సంచులకు ఎక్కాయి. తర్వాత పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి మిగతాది తవ్వారు. మొత్తం దాదాపు 4,600 ముక్కలు, సుమారు నాలుగు కిలోల బంగారం! ఏడవ శతాబ్దం నాటి యోధుల కత్తిపిడుల అలంకారాలు వాటిలో ఎన్నో ఉన్నాయి. ఆ నిధికి 32 లక్షల 85 వేల పౌన్ల విలువ కట్టి, ఆ సొమ్మును హెర్బర్టుకూ పొలం యజమానికీ చెరిసగం పంచారు.

ఇది చదివి సంతకు పరుగెత్తకండి! అలాంటి అదృష్టం ఏ ఒక్కరికో పడుతుంది. కాని ఒక సంగతి గమనించారా? ఆ బంగారం దొరికింది పరికరం ఖరీదైనది కావడం వల్ల కాదు. అది ఉన్న చోటనే ఆయన తిరిగాడు, అది నాగలికి తగిలేటంత పైనే ఉంది. మరి డబ్బు తక్కువగా ఉన్నవారు మొదటి లోహశోధినిని ఎలా ఎంచుకోవాలి? అది పనిచేసే తీరు తెలిస్తే సగం పని అయిపోయినట్లే.

ఒక చిన్న ప్రయోగం చేయండి. అల్యూమినియం గొట్టాన్ని నిలువుగా పట్టుకుని, అందులోకి బలమైన చిన్న అయస్కాంతాన్ని వదలండి. అల్యూమినియానికి అయస్కాంతం అంటుకోదు కదా! అయినా అది గబుక్కున పడదు, ఎవరో పట్టుకుని దించుతున్నట్లు మెల్లగా దిగుతుంది. కదిలే అయస్కాంతం వల్ల గొట్టం గోడలలో విద్యుత్తు సుడులు తిరుగుతూ ప్రవహిస్తుంది. ఆ విద్యుత్తు తన అయస్కాంత క్షేత్రంతో అయస్కాంతాన్ని అడ్డుకుంటుంది. వీటిని ఎడ్డీ ప్రవాహాలు, అంటే సుడి ప్రవాహాలు అంటారు.

లోహశోధిని కింది భాగంలో ఉండే పళ్లెంలో తీగచుట్టలు ఉంటాయి. ఒక చుట్టలో విద్యుత్తు సెకనుకు కొన్ని వేలసార్లు అటూ ఇటూ మారుతుంది. దాని అయస్కాంత క్షేత్రం నేలలోకి దిగి, అక్కడి నాణెంలో సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది. ఆ ప్రవాహాల బలహీనమైన క్షేత్రాన్ని రెండవ చుట్ట అందుకుంటుంది. చెవిలో "కుయ్" మంటుంది. అంతే! అది బంగారమో, వెండో, సోడా సీసా మూతో ఆ పరికరానికి తెలియదు. తిరిగి వచ్చే క్షేత్రం ఎంత ఆలస్యంగా వచ్చిందో చూసి ఊహిస్తుంది, అంతే.

ఇక లోతు సంగతి. దుకాణదారు మొట్టమొదట చెప్పేది దీని గురించే కనుక జాగ్రత్తగా వినండి. పళ్లెం నుంచి దూరం పోయినకొద్దీ క్షేత్రం చాలా త్వరగా తగ్గిపోతుంది. దూరం రెట్టింపయితే క్షేత్రం ఎనిమిదో వంతవుతుంది. నాణెం నుంచి తిరిగి వచ్చేటప్పుడు మళ్లీ ఎనిమిదో వంతు. ఎనిమిదిని ఎనిమిదితో గుణించండి. అంటే లోతు రెట్టింపయితే మనకు అందే సంకేతం 64వ వంతు! పళ్లెం కన్నా దూరంలో ఉండే చిన్న వస్తువుల విషయంలో లెక్క దాదాపు ఇలాగే ఉంటుంది. అందుకే రెట్టింపు ధర పెట్టినా రెట్టింపు లోతు రాదు. మామూలు పరికరం నాణేన్ని జానెడు లోతులోపల పట్టిందంటే బాగానే పనిచేస్తున్నట్లే. "చేతిలో నాణెం పదడుగుల లోతున ఉన్నా చెబుతుంది" అన్నవాడికి ఒక నమస్కారం పెట్టి బయటికి వచ్చేయండి.

మరి డబ్బు దేనికి పెట్టాలి? నా మటుకు నేను నేలకు తగ్గట్టు సర్దుకునే ఏర్పాటుకే మొదటి ఓటు వేస్తాను. మన ఎర్రనేలల్లో ఇనుము ఆక్సైడులు ఉంటాయి. భీమునిపట్నం వంటి తీరాలలో ఇనుము కలిసిన నల్ల ఇసుక ఉంటుంది. ఉప్పునీటితో తడిసిన ఇసుక విద్యుత్తును కూడా ప్రవహింపజేస్తుంది. ఈ సర్దుబాటు లేని పరికరం అలాంటి చోట్ల నేలనే లోహమనుకుని అదేపనిగా అరుస్తుంది. తెరమీద రంగురంగుల అంకెలు లేకపోయినా నష్టం లేదు. ఇనుమును వదిలేసే మీట ఉంటే మంచిదే, కాని దాన్ని పూర్తిగా తిప్పేయకండి. పల్చని బంగారు ఉంగరం, అల్యూమినియం రేకు ఇంచుమించు ఒకేలా పలుకుతాయి. రేకును వద్దంటే ఉంగరం కూడా పోతుంది! చెవులకు పెట్టుకునే ఫోన్లు ఉండాలి, సన్నని కూతలు వాటిలోనే వినపడతాయి. బరువు మరిచిపోకండి, గంటసేపు ఒక చేత్తో ఊపాలి మరి. పది రూపాయలుంటే ఎనిమిదే పరికరానికి పెట్టి, రెండు బ్యాటరీలకూ చిన్న తాపీకీ మిగుల్చుకోండి. పేరున్న తయారీదారుల పాత పరికరం, పేరులేని కొత్తదానికన్నా చాలాసార్లు మేలు.

కొనేముందు జేబులో కొన్ని వస్తువులు వేసుకు వెళ్లండి. ఒక ఇనుప మేకు, ఒక ఇత్తడి ముక్క, ఒక రూపాయి, బామ్మగారి డబ్బాలో దొరికితే పాత అల్యూమినియం పది పైసలు. ఇప్పటి రూపాయి బిళ్ల అయస్కాంతానికి అంటుకునే ఉక్కుతో చేసినది కనుక ఇనుమును వదిలేయమంటే అదీ పోవచ్చు. అందుకే దానితో మాత్రమే పరీక్షించి పెదవి విరవకండి. పళ్లేన్ని చెక్కబల్ల మీద పెట్టి, ఒక్కొక్క వస్తువునూ దాని ముందు ఊపుతూ, ఎంత దూరం వరకు కూస్తుందో స్కేలుతో కొలవండి. చుట్టుపక్కల ఇనుప కుర్చీలు ఉండకూడదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లోని తుపాకిగుండును వెతకడానికి, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ఇలాంటి పరికరాన్నే తీసుకువెళ్లాడు. గుండు దొరకలేదు. మంచంలోని లోహపు స్ప్రింగులు అతన్ని తికమక పెట్టడం అందుకు ఒక కారణమంటారు. గార్‌ఫీల్డ్ ఆ సెప్టెంబరులో కన్నుమూశాడు.

అన్నిటికన్నా చవకైన మోసం ఒకటుంది, అది అన్నిటికన్నా ఖరీదైనది కూడా. పిడికి అతికించిన తీగ దానంతటదే నిధివైపు తిరుగుతుందని చెబుతారు. బ్రిటన్‌లో జేమ్స్ మెకార్మిక్ అనే వ్యాపారి ఇలాంటిదాన్నే బాంబులు పట్టే యంత్రమని ఇరాక్‌కు కోట్ల కొద్దీ డబ్బుకు అమ్మాడు. దానికి మూలం గోల్ఫ్ బంతులు వెతకడానికని అమ్మే ఆటబొమ్మ! పనిచేసే విద్యుత్ భాగమేదీ అందులో లేదు. తనిఖీ కేంద్రాలలో సైనికులు దాన్నే నమ్ముకున్నారు. బాంబులు దాటిపోయాయి, ఎందరో చనిపోయారు. 2013లో అతనికి పదేళ్ల జైలుశిక్ష పడింది. గుప్తనిధుల పేరు చెప్పి మన ఊళ్లలో తిరిగేవారి చేతుల్లో ఉండే కడ్డీలు ఈ జాతివే. పట్టుకున్నవాడి చేతి కదలికే ఆ తీగను తిప్పుతుంది. పైన చెప్పిన జేబుపరీక్ష దానికి పెట్టి చూడండి, అదీ కళ్లకు గంతలు కట్టుకుని! ఇంకొకటి. తొలకరి పడగానే జొన్నగిరి, వజ్రకరూరు చేలలో జనం వజ్రాలకోసం వెతుకుతారు కదా, అక్కడ ఏ లోహశోధినీ పనికిరాదు. వజ్రం కర్బనం, దానిలో సుడి ప్రవాహాలు పుట్టవు.

చేతికి వచ్చాక మొదట మీ పెరట్లో, నాన్నగారి అనుమతితో పొలంలో వెతకండి. బోరు దగ్గర జారిపోయిన బోల్టు, కోతలో పడిపోయిన కొడవలి, అమ్మ పోగొట్టుకున్న చెవిదుద్దు దొరికితే మీకు మంచిపేరు వస్తుంది. పాత కోటలు, గుళ్లు, బౌద్ధ స్తూపాల దిబ్బల దగ్గరికి మాత్రం దాన్ని తీసుకువెళ్లవద్దు. రక్షిత స్థలాలలో తవ్వడం నేరం. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజేయాలి. దాచిపెడితే ఏడాది వరకు జైలు ఉండవచ్చు.

చట్టం మాట అటుంచి, తవ్వడం ఎక్కడ ఆపాలో తెలిసినవాడి కథ ఒకటి చెబుతాను. 1992 నవంబరులో ఇంగ్లండులోని హాక్స్‌న్ గ్రామంలో ఒక రైతు తన సుత్తి పోగొట్టుకున్నాడు. అతని స్నేహితుడు ఎరిక్ లాస్ దానికోసం లోహశోధినితో వెతుకుతుంటే వెండి చెంచాలు, బంగారు నాణేలు బయటపడ్డాయి. కొన్ని తీయగానే చేయి ఆపేసి అధికారులకు కబురు పెట్టాడు. శాస్త్రజ్ఞులు వచ్చి, రోమనుల కాలపు పెట్టెలో ఏ వస్తువు ఏ మూల, ఎలా సర్ది ఉందో తెలిసేలా మట్టితో సహా ఎత్తారు. దాదాపు 15 వేల నాణేలు లెక్కతేలాయి. సుత్తి కూడా దొరికింది. అదీ ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియం సేకరణలోనే ఉంది.