కారుకూ ఉంది ఓ జల్లెడ... ఎక్కడుందో చూశారా?

టీ కాచాక జల్లెడ పట్టకుండా గ్లాసులో పోసి చుట్టాలకిస్తామా? చింతపండు పులుసు పిప్పి తీయకుండా చారులో కలుపుతామా? మరి రోజూ పిల్లల్ని బడికి దింపే కారు తాగే పెట్రోలు సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? దాన్ని వడకట్టడానికీ ఓ చిన్న జల్లెడ ఉంది. దాని పేరే ఫ్యూయల్ ఫిల్టరు.

"అబ్బే, కారు గొడవలు మాకెందుకండీ, మావారు చూసుకుంటారు" అంటారేమో! నేనూ అలాగే అనుకునేదాన్ని. కిందటి శ్రావణంలో మా అత్తగారిని కంటి ఆపరేషన్ అయ్యాక చూపించడానికి ఆస్పత్రికి తీసుకెళ్తున్నాను. మావారు ఊళ్లో లేరు. ఫ్లైఓవర్ ఎక్కుతుంటే కారు కుదుపులు మొదలుపెట్టింది. ఎంత తొక్కినా ముందుకు పోదు. సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. వెనక హారన్ల మోత, పక్కన కంటికి కట్టుతో అత్తగారు! పది నిమిషాలాగి తాళం తిప్పితే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టయింది.

దగ్గర్లో ఉన్న మెకానిక్కు చూసీ చూడగానే "పంపు పోయిందమ్మా, మార్చాలి" అన్నాడు. ఆయన చెప్పిన అంకె విని గుండె జారిపోయింది. ఎందుకో అనుమానం వచ్చి ఇంకో చోటికి వెళ్లాను. అక్కడి పెద్దాయన అడిగింది ఒక్కటే మాట: "ఫిల్టరు ఎప్పుడు మార్పించారమ్మా?" నా దగ్గర జవాబు లేదు. ఆయన ఫిల్టరు విప్పి, ట్యాంకు వైపు గొట్టం నుంచి తెల్ల గిన్నెలోకి వంచితే, కాఫీ డికాక్షన్‌లా నల్లటి పెట్రోలు దిగింది! కొత్త ఫిల్టరు వేశాక కారు హాయిగా నడిచింది. పంపు ఇప్పటికీ పాతదే.

ఇది చేసే పనేమిటి?

ట్యాంకు అడుగున తుప్పు, దుమ్ము, మడ్డి చేరుతుంటాయి. నూనె డబ్బా అడుగున చేరినట్టే. ఫిల్టరు లోపల మడతలు మడతలుగా ఉండే ప్రత్యేకమైన కాగితం ఈ మురికిని ఆపి, శుభ్రమైన పెట్రోలునే ఇంజనుకు పంపుతుంది. మన తల వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి రేణువులు కూడా అందులో చిక్కుకుంటాయి. అలా చిక్కీ చిక్కీ చివరికి దారే మూసుకుపోతుంది. ఇంజనుకు చాలినంత పెట్రోలు అందదు.

మీ కారులో ఎక్కడుంది?

కార్బ్యురేటరున్న పాతకాలం కార్లలో చాలావాటికి బానెట్ ఎత్తగానే, పైపు మధ్యలో చిన్న ప్లాస్టిక్ డబ్బీలా కనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన ఇంజెక్షన్ కార్లలో కొన్నింటికి ఇంజను దగ్గర, కొన్నింటికి కారు అడుగున ట్యాంకు పక్కన, మంచినీళ్ల గ్లాసంత రేకు డబ్బాలా ఉంటుంది. మా కారుది ఇదే. ఇప్పటి పెట్రోలు కార్లలో చాలావాటికి ట్యాంకు లోపలే, పంపుతో కలిపి అమర్చేస్తున్నారు. డీజిల్ కార్లకు ఎక్కువగా బానెట్ కిందే పెద్ద డబ్బా ఉంటుంది. కారుతో పాటు ఇచ్చిన పుస్తకం తీసి చూడండి. ఎన్ని వేల కిలోమీటర్లకు మార్చాలో, అసలు విడిగా మార్చేదో కాదో అందులో ఉంటుంది.

లక్షణాలు ఇవీ

పొద్దున్నే ఓ పట్టాన స్టార్టు కాదు. మిట్ట ఎక్కేటప్పుడు, వేగం పెంచేటప్పుడు కుదుపులొస్తాయి. నడుస్తూ నడుస్తూ ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ నడుస్తుంది. ఇవే లక్షణాలు వేరే జబ్బులకూ ఉంటాయి. అయినా ఖరీదైన పంపు మార్పించే ముందు ఫిల్టరు చూడమనండి. అది చవకైన పని.

మార్చేటప్పుడు

ఇది మాత్రం మెకానిక్కు చేతనే చేయించండి. ఇంజెక్షన్ కార్లలో ఇంజను ఆపేసినా పైపులో ఒత్తిడి అలాగే ఉంటుంది. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీస్తామా? ఇదీ అంతే. ముందు ఒత్తిడి తగ్గించి, బ్యాటరీ తీగ తీసేసి, అప్పుడు పైపు విప్పాలి. ఇంజను చల్లారి ఉండాలి. ఆరుబయట చేయాలి, దగ్గర్లో పొయ్యి, దీపం, సిగరెట్టు ఉండకూడదు.

మీరు పక్కన నిలబడి మూడు విషయాలు చూడండి. ఒకటి, డబ్బా మీద బాణం గుర్తుంటే అది ఇంజను వైపు తిరిగి ఉండాలి. రెండు, వదులైన క్లిప్పులు, పగుళ్లిచ్చిన రబ్బరు పైపులు ఉంటే అవీ మార్చాలి. మూడు, ఇంజను స్టార్టు చేశాక ఎక్కడా చుక్క కూడా కారకూడదు. "గాలి కొట్టి పాతదే వేస్తానమ్మా" అంటే ఒప్పుకోకండి. కాగితం మడతల్లో ఇరుక్కున్న మురికి గాలికి పోదు. కాగితం చిరిగితే మురికి నేరుగా ఇంజనుకే పోతుంది.

డీజిల్ కారైతే

ఇందులో ఫిల్టరుకు ఇంకో పని కూడా ఉంది. డీజిల్‌లో కలిసిన నీటిని వేరు చేయడం. నీళ్లు బరువు కనుక అడుగుకు దిగుతాయి. చాలా ఫిల్టర్ల కింద ఆ నీళ్లు వదలడానికి మర ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఫిల్టరు, నీటి చుక్కల గుర్తుతో దీపం వెలిగితే రేపు చూద్దాంలే అనుకోవద్దు. నీళ్లు ఇంజెక్టర్లలోకి పోతే అయ్యే ఖర్చుతో ఎన్నో ఫిల్టర్లు కొనొచ్చు.

ఈ చిట్కాలు గుర్తుంచుకోండి

* ట్యాంకు అడుగంటేదాకా నడపకండి. ట్యాంకులో ఉండే పంపును చల్లబరిచేది ఆ పెట్రోలే.

* ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. అందుకే ట్యాంకు మూత గట్టిగా పట్టేలా చూసుకోండి, కారును నెలల తరబడి కదపకుండా ఉంచకండి.

* విప్పిన ఫిల్టరులోని పెట్రోలును మోరీలో పోయనివ్వకండి.

* మార్చిన తేదీ, కిలోమీటర్లు గ్యాసు బండ తేదీ రాసుకునే చోటే రాసుకోండి.

మా ఇంట్లో ఆ అంకె ఇప్పుడు క్యాలెండరు మీద ఉంది. ఈసారి ఎవరైనా "ఫిల్టరు ఎప్పుడు మార్పించారమ్మా?" అంటే తడుముకోకుండా చెప్తాను. మరి మీరు? ఈ సాయంత్రం వంట పని అయ్యాక ఆ పుస్తకం ఓసారి తిరగేస్తారు కదూ!